పళ్ళ డాక్టరు వరండాలో రెండో నంబరు

ఆమెను అందరూ రీడింగమ్మ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా కరెంటు మీటర్లు చూస్తూ ఇల్లిల్లూ తిరిగే మనిషి. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు గాని, ఆమె విషయంలో బలపం ఎప్పుడో అరిగిపోయి కాళ్ళు మాత్రమే మిగిలాయి. నెలకు ఎనిమిది వందల గడపలు. ఏ ఇంట్లో మీటరు మెట్లకింద ఉందో, ఏ ఇంట్లో స్నానాలగది తలుపు వెనక ఉందో, ఏ ఇంట్లో దానిమీద తడి తువ్వాలు ఆరేస్తారో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. మనుషుల ముఖాలు మాత్రం అంతగా గుర్తుండవు. బజారులో ఎవరైనా పలకరిస్తే కాసేపు తెల్లముఖం వేసి, "మీది మెట్లకింద కదూ?" అంటుంది. వాళ్ళు ఔనంటారు. అక్కణ్ణించి మాటలు సాగుతాయి.

పాత మీటర్లలో గాజు వెనక ఒక సన్నని చక్రం ఉండేది. ఇంట్లోవాళ్ళు నిద్రపోతున్నా, పోట్లాడుకుంటున్నా, అది ఒంటిమీద ఒక ఎర్ర మచ్చను మోసుకుంటూ తన మానాన తాను తిరిగేది. ఆ మచ్చ ఒకసారి చుట్టి వచ్చేదాకా చూసి గాని ఆమె అంకెలు రాసుకునేది కాదు. కొత్త మీటర్లలో చక్రం లేదు. దాని గురించి ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదు.

రీడింగు దొరకని ఇళ్ళకు పుస్తకంలో నంబరు వెయ్యాలి. ఒకటి అంటే ఇల్లు తాళం. రెండు అంటే కుక్క. మూడు అంటే మీటరు పాడైంది. నాలుగు అంటే ఇంటివాళ్ళు రానివ్వలేదు. ఐదో నంబరు లేదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక ఇంట్లో మీటరుకు తేనెపట్టు పట్టి ఉంటే, ఆమె పుస్తకంలో "తేనెటీగలు" అని రాసింది. పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. సదరు కారణం జాబితాలో లేదు గనక సంజాయిషీ ఇవ్వవలసింది అని. ఆమె మూడు ప్రతుల్లో సంజాయిషీ రాసింది. రెండో ప్రతిలో కార్బను మసకగా పడిందని మళ్ళీ రాయించారు. అప్పటినుంచి ఆమె ఒక నియమం పెట్టుకుంది. కరవగలిగినదీ, కుట్టగలిగినదీ ఏదైనా సరే, రెండు.

ఆ పుస్తకం మర్నాడు లైన్‌మన్ చేతికి వెళ్తుంది. ఏ ఇంట్లో ఎలా అడుగుపెట్టాలో దాన్నిబట్టే అతను చూసుకోవాలి. తేనెపట్టున్న ఇంట్లోకి, కుక్కనుకుని, బిస్కెట్టు చూపిస్తూ వెళ్ళినవాడి గతి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కాని అలా ఎన్నడూ జరగలేదు. ఎందుకంటే ఆ లైన్‌మన్ స్వయానా ఆమె మరిది.

ఆమె కాపురానికి వచ్చేనాటికి అతనికి పదకొండేళ్ళు. తల్లి లేదు. తలనిండా పేలు, నోటినిండా ప్రశ్నలు. పేలు ఆమె తీసేసింది. ప్రశ్నలు ముప్ఫై ఏడేళ్ళు వచ్చినా అలాగే ఉన్నాయి. అతని అన్నయ్య బేకరీలో రాత్రిపూట పొయ్యి చూసుకుంటాడు, పగలంతా నిద్రపోతాడు. అందువల్ల ఆ ఇంట్లో మాటలన్నీ వదినా మరుదులవే. రోజూ సాయంత్రం కంచాల ముందు కూర్చున్నాక అతను అడుగుతాడు.

"ఇవాళ్టి రెండుల్లో కుక్కలెన్ని వదినా?"

"మూడు. నాలుగోది కందిరీగలు. ఐదోది ఆ మేడింటి అల్లుడు."

"అల్లుడికి నాలుగు కదా వెయ్యాల్సింది?"

"నాలుగంటే రానివ్వనివాళ్ళు. అతను రమ్మనే అన్నాడు. లోపలికెళ్ళాక చెప్పు విసిరాడు."

"అతనికి బిస్కెట్టు పనిచేస్తుందంటావా?"

"పెట్టి చూడు."

ఆఫీసుకు ఈ సంగతి తెలియదు. ఆఫీసు దృష్టిలో ఊరినిండా కుక్కలు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక నది ఊళ్ళోకి వచ్చింది. తొందరపడి రాలేదు. పల్లపు వీధుల్లో గడప గడపకూ ఆగి, మెట్లకింద చూసి, తలుపుల వెనక చూసి, మరీ పైకి వచ్చింది. మేడమీద నిలబడి చూస్తున్న రీడింగమ్మకు అది తన నడకలాగే అనిపించింది. మూడోరోజుకు నీళ్ళు మోకాలిదాకా తగ్గాయి. నది ఒక్కత్తే రాలేదని అప్పుడు తెలిసింది. ఎగువనున్న అడవిలోంచి కొందరిని వెంటబెట్టుకు వచ్చింది. తగ్గేటప్పుడు వాళ్ళను తీసుకెళ్ళడం మరిచిపోయింది.

ఆస్పత్రికి కరెంటు ఇవ్వాలి. ఆస్పత్రి లైనూ ఏటివార వీధి లైనూ ఒకటే. ఆ వీధిలో మునిగిన మీటర్లన్నిటికీ ఫ్యూజులు పీకితే తప్ప లైను ఎక్కించడానికి లేదు. ఏ మీటరు మునిగిందో, ఏ ఇంట్లోకి వెళ్ళడానికి అడ్డేముందో చూసి రమ్మని పొద్దున్నే రీడింగమ్మను పంపారు. ఆమె రబ్బరు బూట్లు వేసుకుని, పుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టి మెడకు కట్టుకుని, చేతికర్రతో నేల తడుముకుంటూ బయల్దేరింది.

ఫోటో స్టూడియో మెట్లమీద, మూడో మెట్టున, ముళ్ళపంది కూర్చుని ఉంది. తడిసిన ముళ్ళన్నీ ఒకపక్కకు వాలి, నిద్రలేచి దువ్వుకోని తలలా ఉంది. ఆమె ఆగింది. ముళ్ళపంది అంతకుముందే ఆగి ఉంది గనక కొత్తగా ఏమీ చెయ్యలేదు. ఆమె రెండు వేసుకుంది.

బడిలో కొండచిలువ మీటరు పెట్టెను రెండు చుట్లు చుట్టుకుని, గంట కొట్టే ఇనపముక్క మీద తల ఆనించి పడుకుంది. రీడింగు మాత్రం దాని చుట్ల మధ్యనుంచి స్పష్టంగా కనబడుతోంది. మీటరు తడవలేదు. ఆమె దూరాన్నుంచి అంకెలు రాసుకుంది. నంబరు వెయ్యాల్సిన అవసరం పడలేదు.

పుస్తకాలు బైండు చేసే ఆయన పెరట్లో నీటికుక్కలు ఐదు, తల్లీ పిల్లలూ, మునిగిన అరుగు అంచుమీద వరసగా కూర్చుని ఆమెను చూశాయి. ఆమె కర్ర ఎత్తితే అన్నీ ఒకేసారి తల వంచి కర్రను చూశాయి. రెండు. ఆ రోజు రాసినవాటిలో అదొక్కటే కొంతవరకు నిజం. దాని పక్కింట్లో మీటరు మీద గుడ్లగూబ. అదీ రెండే.

వీధిలో చివరి ఇల్లు పళ్ళ డాక్టరుది. ఆయన నీళ్ళు వచ్చే ముందురోజే కుటుంబంతో మిట్టమీదున్న అత్తగారింటికి వెళ్ళిపోయాడు. ఇంటికి తాళం ఉంది గాని గేటు నీళ్ళకు తెరుచుకుని ఉంది. మీటరు పక్కగోడకు, బయటే ఉంటుంది. రోగులు కూర్చునే వరండాలో, బల్ల కింద, మొసలి పడుకుని ఉంది. నిలువునా రెండు బల్లల పొడవుంది. చీటీ తీసుకుని వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు నోరు బాగా తెరుచుకుని ఉంది. లోపల పళ్ళు, ఆమె చూడగలిగినంతవరకు, దేనికీ ఏ ఇబ్బందీ లేదు.

ఆమె గేటు బయటే నిలబడింది. ఇంటికి తాళం ఉంది గనక ఒకటి వెయ్యాలా, రెండు వెయ్యాలా అని ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత చెయ్యి దానంతట అదే రెండు వేసింది. ఇరవై మూడేళ్ళ అలవాటు.

ఆఫీసు కిటికీలోంచి గుమాస్తా పుస్తకం అందుకున్నాడు.

"పళ్ళ డాక్టరింట్లో మొసలి ఉందండీ," అంది ఆమె.

"నంబరు వేశారా?"

"వేశాను."

"వేస్తే సరే," అని ఆయన కిటికీ మూశాడు.

అన్ని రోజుల్లాగే పుస్తకం మర్నాడు లైనుకు వెళ్తుందని ఆమె అనుకుంది. సాయంత్రం కంచాల దగ్గర ఎటూ చెబుతుంది కదా అనీ అనుకుంది. ఇంటికొచ్చి, బూట్లలో నీళ్ళు వంచి, వాటిని కిటికీలో బోర్లించి, పొయ్యి వెలిగించింది. లోపలి గదిలో భర్త గుర్రు వినబడుతోంది. ఎసట్లో బియ్యం వేస్తుండగా పైవాటాలో అద్దెకున్న ఆవిడ మెట్లమీదనుంచి తొంగిచూసింది.

"మీ మరిది ఇందాకే వచ్చి వెళ్ళాడక్కా. మా పిల్లల బిస్కెట్ల డబ్బా మొత్తం ఖాళీ చేసుకుపోయాడు. షాపులన్నీ మూసున్నాయంట."

"బిస్కెట్లెందుకు?"

"ఇవాళ రెండులు ఎక్కువున్నాయన్నాడు. అవేంటో మరి. ఆస్పత్రికి తొందరని పుస్తకం అప్పుడే చేతిలో పెట్టి పంపించారంట."

రీడింగమ్మ పొయ్యి ఆర్పింది. పుస్తకంలో నాలుగు రెండులు. నాలుగింటిలో ఒక్కటీ కుక్క కాదు. పైగా మరిది పని ఎప్పుడూ చివరి ఇంటినుంచే మొదలుపెడతాడు. తిరిగొచ్చేదారి ఇంటివైపు ఉంటే కాళ్ళు నొప్పెట్టవని అతని లెక్క. బూట్లు వేసుకోవడం కుదరలేదు. చెప్పులు మొదటి మలుపులోనే నీళ్ళు లాక్కున్నాయి.

మోకాలి లోతు నీళ్ళలో పరుగెత్తడమంటే కలలో పరుగెత్తడమే. ముందుకు వంగినకొద్దీ నీళ్ళు వెనక్కి లాగాయి. తెలిసిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా పక్కనుంచి వెళ్ళాయి: మెట్లకింద, తలుపువెనక, తువ్వాలు, అల్లుడు. ఇన్నేళ్ళలో ఆ వీధి అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. ఇంట్లో నిద్రపోతున్న మనిషికి ఏమని చెప్పాలో ఆమె దారిలో మూడు రకాలుగా అనుకుంది. మూడింటిలో ఏదీ రెండో మాట దాటలేదు.

ఆమె గేటు పట్టుకుని లోపలికి చూసింది. మరిది ఉన్నాడు. పక్కగోడ దగ్గర పల్లంలో, తొడలదాకా నీళ్ళలో, ఆమెకు వీపు చూపిస్తూ మీటరు పెట్టె స్క్రూలు విప్పుతున్నాడు. నిచ్చెన గోడకు ఆనించి ఉంది. వరండా ఖాళీగా ఉంది. పైమెట్టు మీద బిస్కెట్లు నాలుగు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కటీ ఎవరూ ముట్టలేదు.

"వచ్చావా వదినా," అన్నాడు అతను తిరిగి చూసి. "కుక్క ఎటో పోయింది. పిలిచి పిలిచి నోరు నొప్పెట్టింది."

"నిచ్చెన ఎక్కు."

"ఎందుకు? పెట్టె చేతికందుతూనే ఉందిగా."

"ఎక్కమన్నానా."

"ఈ పక్క స్క్రూ తుప్పుపట్టింది. రెండు నిమిషాలు. అయినా ఇంత నీళ్ళలో నువ్వెందుకొచ్చావు? అన్నయ్యకేమైనా అయ్యిందా?"

"మీ అన్నయ్య గుర్రుపెడుతున్నాడు. నువ్వు ఎక్కు."

"కారణం చెప్తే ఎక్కుతా."

కారణం అతనికీ ఆమెకూ మధ్య, మునిగిన పూలకుండీల పక్కన, నీళ్ళమీద రెండు బుడిపెలుగా తేలుతోంది. మొదట ఆమె దాన్ని కొబ్బరి డిప్ప అనుకుంది. అది ఉన్నచోటే ఉంది. కొట్టుకొచ్చిన ఆకులు దాన్ని తప్పుకుని పోతున్నాయి.

మొసలి అని ఆమె అనలేకపోయింది. అతని సంగతి ఆమెకు తెలుసు. స్తంభం చివర గాలివానలో కూడా నవ్వుతూ పనిచేస్తాడు గాని, నేలమీద భయపడితే ముందు కాళ్ళకు పని చెబుతాడు. చిన్నప్పుడు కందిరీగ కుడితే మూడు వీధులు పరిగెత్తాడు. ఇప్పుడు పరిగెడితే గేటువైపే పరిగెడతాడు. గేటుకు పన్నెండు అడుగులు. పన్నెండూ ఆ బుడిపెల మీదుగానే.

"చిట్టీ," అంది ఆమె. గొంతు పెంచలేదు. "పైకెళ్ళు నాన్నా."

మీసాలు వచ్చిన ఏడు ఆ పిలుపు మానెయ్యమని అతనే బతిమాలుకున్నాడు. ఆమె మానేసింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట లేదు. అతను మరో ప్రశ్న వెయ్యలేదు. స్క్రూడ్రైవరు పళ్ళమధ్య పెట్టుకుని, చెప్పిన మాట వినే పిల్లాడిలా నిచ్చెన ఎక్కాడు. ఐదో మెట్టు మీదకు వచ్చాక కింద నీళ్ళు చీలాయి. నిచ్చెన ఎగిరి పక్కకు పడింది. అప్పటికి అతని చేతులు కిటికీమీది సజ్జాను పట్టుకున్నాయి. ఒక కాలు పైకి వెళ్ళింది. రెండో కాలు కొంచెం ఆలస్యంగా, కాని మొత్తంగా, వెళ్ళింది.

నిచ్చెన నీళ్ళలో మునిగిపోయింది.

"వదినా."

"ఊఁ."

"అది కుక్క కాదు."

"కాదు."

"రెండు వేశావు."

"వేశాను."

"మొసలికి రెండు వేస్తావా?"

"ఐదు లేదుగా."

అతను సజ్జా మీద చతికిలబడి, కింద మెట్టుమీదున్న బిస్కెట్లకేసి చాలాసేపు చూశాడు. "రారా బంగారం, రారా నాన్నా అని పావుగంట పిలిచాను," అన్నాడు.

"వచ్చిందిగా."

ఆమె ప్రహరీగోడ ఎక్కి కూర్చుంది. సాయం కోసం వెళ్తే ఈలోగా అతను దూకే ప్రయత్నం చేస్తాడని ఆమెకు తెలుసు. ఎదురు మేడమీద బట్టలు ఆరేస్తున్న టైలరు సంగతి అడిగి, డాబాల మీదుగా అడవి ఆఫీసుకు కబురు పంపించాడు. గంటకు జవాబు అదే దారిన వచ్చింది.

"వస్తారంటమ్మా," అని కేకేశాడు టైలరు. "వాళ్ళకీ ఓ జాబితా ఉందంట. మీది ఏడోది. ఇప్పుడు దూది గోదాములో ఎలుగుబంటి దగ్గరున్నారంట."

ఊరికే కూర్చోవడమెందుకని మరిది సజ్జా అంచున బోర్లా పడుకుని, చెయ్యి కిందికి చాచి, మిగిలిన స్క్రూ విప్పి ఫ్యూజు పీకాడు. పీకి జేబులో వేసుకున్నాక, ఇక చెయ్యడానికి పని లేకపోవడంతో, అతనికి మళ్ళీ ప్రశ్నలు మొదలయ్యాయి.

"నేను పోయుంటే ఆఫీసులో ఏం రాసేవాళ్ళు?" అన్నాడు.

ఆమె ఆలోచించింది. "కారణం, రెండు," అంది.

అతను నవ్వలేదు. ఆమె కూడా నవ్వించాలని అనలేదు.

"తప్పు నాదే," అంది తర్వాత.

కాదులే వదినా అంటాడేమోనని ఎవరైనా అనుకోవచ్చు. "అవును, నీదే," అన్నాడు అతను. మబ్బులోంచి ఒక ఎండచార వచ్చి, మునిగిన పెరడంతా తడిమి, ఎవరి ఇల్లో పొరపాటు పడినట్టు వెనక్కి వెళ్ళిపోయింది. నీళ్ళు గోడమీద ఒక అంగుళం తడిని వదిలి కిందికి దిగాయి.

"కాళ్ళు," అన్నాడు అతను ఉన్నట్టుండి.

"ఏంటి?"

"కాళ్ళు కిందికి వేలాడదీసుకుని కూర్చున్నావు. పైకి పెట్టుకో."

ఆమె కాళ్ళు పైకి ముడుచుకుంది.

అడవి ఆఫీసువాళ్ళు రాకముందే మొసలి లేచింది. పెరట్లో నీళ్ళు చాలడం లేదని దానికి తోచినట్టుంది. పూలకుండీల పక్కనుంచి వీపు ముందు తేలింది, తర్వాత తోక. గేటులోంచి, ఆమె కూర్చున్న గోడ వారగా, తాపీగా వెళ్ళింది. ఆమె దాన్ని అంత దగ్గరగా చూసింది. వీపుమీద గరుకు వరసలు, వాటి సందుల్లో పచ్చని పాచి, పాచిలో చిన్న చిన్న నత్తలు. ఎక్కడో పెద్ద నీళ్ళలో, ఎవరూ రాసుకోని చోట, చాలా ఏళ్ళు నిదానంగా గడిపిన ఒంటిమీద తప్ప అలాంటి పాచి పట్టదు. కన్ను ఒకసారి ఆమెవైపు తిరిగింది. అందులో కోపం లేదు, ఆకలి కూడా పెద్దగా లేదు. అది వీధి మధ్యకు చేరి, ఎటుపోవాలో ముందే తెలిసినట్టు నదివైపు తిరిగి వెళ్ళిపోయింది.

ఆమె గోడ దిగి, నీళ్ళలో నిచ్చెన వెతికి లేపి, సజ్జాకు ఆనించింది.

"రా."

అతను రాలేదు. అంచుదాకా జరిగి, కిందికి చూసి, మళ్ళీ గోడకు జరిగాడు. ఎంతటి స్తంభమైనా పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య పదిసార్లు ఎక్కిదిగే మనిషి.

"కాళ్ళు రావడం లేదు వదినా," అన్నాడు చిన్నగా.

ఆమె నిచ్చెన మొదట్లో, తొడలదాకా నీళ్ళలో, వీపు పెరటికి చేసి నిలబడింది. రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది. "పట్టుకున్నాను," అంది. తొందరపెట్టలేదు. పైన ఒక పాదం వచ్చింది, మెట్టును వెతుక్కుంది, ఆగింది. రెండోది వచ్చింది. చివరి మెట్టుకు ముందు అతను మళ్ళీ ఆగాడు.

"నిజంగా పోయిందా?"

"పోయింది. నేను చూశాను."

"ఇంకోటి లేదుగా?"

ఆమె తల తిప్పి పెరడంతా చూసింది. నీళ్ళు మట్టిరంగులో, ఏమీ చెప్పకుండా ఉన్నాయి.

"తెలీదు," అంది.

అతను స్క్రూడ్రైవరు నడుముకు దోపుకున్నాడు. తర్వాత నీళ్ళలోకి దిగాడు. ఫ్యూజు పీకాల్సిన ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి, ఆస్పత్రి ఎదురుచూస్తోంది. నిచ్చెన ముందు కొస అతను పట్టుకోబోతే, ఆమె అది లాక్కుని, వెనక కొస అతనికిచ్చింది. ముందు తాను నడుస్తూ పక్కింటి గేటు తోసింది.

"గుడ్లగూబ," అంది. "మీటరు మీదే ఉంది. కుడిపక్కనుంచి రా."